బాతుల వేటకు ఏ తుపాకీ?

గోదావరి జిల్లాల్లో వరికోతలు కాగానే బాతుల మందల్ని మళ్ళలోకి తోలుకొచ్చేవాళ్ళను చూసే ఉంటారు. రాలిన గింజలు ఏరుకు తింటూ ఆ మంద ఊరి మీద ఊరు తిరుగుతుంది. అమెరికాలో ఆర్కాన్సా రాష్ట్రంలోని స్టట్‌గార్ట్ చుట్టుపక్కల కూడా వరే ప్రధానమైన పంట. అక్కడ మందను ఎవరూ తోలక్కర్లేదు. ఉత్తరాన చలి ముదిరేసరికి మల్లార్డ్ బాతులు గుంపులు గుంపులుగా తమంతట తామే దిగివస్తాయి. కోత అయిన మళ్ళలో నీళ్ళు నిలబెడతారు. పక్కనున్న అడవుల్లో ఓక్ చెట్ల మొదళ్ళు నీళ్ళలో మునిగి ఉంటాయి. తెల్లవారుజామున మోకాటి లోతు నీళ్ళలో చెట్టుకు ఆనుకుని నిలబడి, బాతు కూత కూసే ఈల నోట పెట్టుకుని, ఆకాశంలోకి చూస్తూ ఉండే మనుషులు ఆ చలికాలమంతా అక్కడ కనిపిస్తారు. ఆ కూతల మీద ఆ ఊళ్ళో 1936 నుంచి పోటీలే జరుగుతున్నాయి.

వాళ్ళ చేతుల్లో మామూలుగా కనిపించేది సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే, చిన్న చిన్న గుండ్లు నింపిన తూటా ఒక్కటే పేలుతుంది. ఖాళీ తూటాను బయటికి విసిరి, తర్వాతి తూటాను గొట్టంలోకి ఎక్కించుకునే పని మాత్రం తుపాకీ తనే చేసుకుంటుంది. చేతులు మొద్దుబారే చలిలో, గురి మీంచి కన్ను తీయకుండా రెండోసారి కాల్చడానికి ఆ వెసులుబాటు పనికొస్తుంది.

నేనుండే హ్యూస్టన్ పడమటి వైపు, కేటీ ఊరి చుట్టూ ఉన్న నేల కూడా ఒకప్పుడు వరిమళ్ళే. చలికాలంలో పెద్దబాతులు దిగిన ఆ మైదానంలో ఇప్పుడు మనవాళ్ళు ఎంతోమంది ఇళ్ళు కొనుక్కున్నారు. ఆఫీసులో తోటివాళ్ళతో సరదాగా ఒకసారి వేటకు వెళ్ళి, తర్వాత సొంత తుపాకీ కొందామనుకునే తెలుగువాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: ఏ కంపెనీది కొనమంటారు? వాళ్ళను దృష్టిలో పెట్టుకునే ఇది రాస్తున్నాను. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా అమెరికా నేల మీద, సీజను ప్రకారం, లైసెన్సుతో జరిగే వేట గురించే.

కంపెనీ అన్నది చివర అడగాల్సిన ప్రశ్న. తుపాకీ మీ ఒంటికి అమరిందా అన్నది మొదటిది. మీరు వాడబోయే తూటాతో అది తడబడకుండా పనిచేస్తుందా అన్నది రెండోది. ఈ రెండూ తేలితే, మిగతాది మీ జేబూ మీ ఇష్టమూ.

ఒంటికి అమరడం అంటే ఏమిటో కాస్త నిదానంగా చెప్పాలి. రైఫిల్‌తో నిశ్చలంగా ఉన్న దాన్ని గురిపెట్టి కాలుస్తాం. షాట్‌గన్‌తో ఎగిరే పిట్టను కాలుస్తాం. గొట్టం చివర ఉన్న పూసను చూసి గురిపెట్టేంత వ్యవధి అక్కడ ఉండదు. కన్ను పిట్ట మీదే ఉంటుంది. తుపాకీ భుజానికి ఎక్కి, చెంప దాని కొయ్యకు ఆనిన మరుక్షణం, మీరు చూస్తున్న చోటికే గొట్టమూ చూడాలి. అంటే షాట్‌గన్‌కు వెనక ఉండాల్సిన గురిచువ్వ మీ కన్నే. కన్ను ప్రతిసారీ ఒకే ఎత్తులో ఉండాలంటే చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనాలి. అలా ఆనాలంటే స్టాక్ మీ కొలతకు ఉండాలి. స్టాక్ అంటే చెంపకూ భుజానికీ ఆనే వెనక భాగం. మన పత్రికలు తుపాకీ మడమ అని రాసేది దాని చివరనే.

నేను మొదట కొన్న తుపాకీ పేరున్నదే. దుకాణంలో టీషర్టు మీద భుజానికి పెట్టి చూసుకున్నాను, బాగానే ఉందనిపించింది. డిసెంబరులో మందపాటి కోటు, దాని మీద నీళ్ళలో దిగే తొడుగు వేసుకుని ఎత్తితే మడమ చంక దగ్గర కోటుకు తట్టుకుంది. తట్టుకున్న ప్రతిసారీ చెంప ఒక్కోచోట ఆనింది. ఆ సీజనంతా బాతుల వెనక గాలిని కాల్చాను. తప్పు నా చెయ్యిదే అనుకుని వందల తూటాలు సాధన చేశాను. వేటలో తలనెరిసిన మా పక్కింటి పెద్దాయన ఒక సాయంత్రం నా వెనక నిలబడి చూసి, స్టాక్ చివర ఉన్న మందపాటి రబ్బరు దిండు తీసి పలచనిది వేయించమన్నాడు. ముప్పావు అంగుళం తగ్గింది. తుపాకీ అదే, చెయ్యీ అదే, కానీ గొట్టం నేను చూసిన చోటికి వెళ్ళడం మొదలుపెట్టింది.

ట్రిగ్గర్ నుంచి మడమ చివరిదాకా ఉన్న దూరం ఇక్కడి మామూలు తుపాకుల్లో సుమారు 14¼ నుంచి 14½ అంగుళాలు ఉంటుంది. అది అమెరికాలో సగటు మగవాడి చేతికి కుదిరే కొలత. మనలో చాలామందికి, ముఖ్యంగా ఆడవాళ్ళకు, అది పొడవు. కాంపాక్ట్ పేరుతో 13 అంగుళాల దరిదాపు స్టాక్ ఉన్నవి అమ్ముతారు. వాటిని పిల్లల తుపాకులని తీసిపారేయకండి. పొడవుతో పాటు చెంప ఆనే చోటు ఎంత దిగువన ఉంది, స్టాక్ ఎటు వైపు కొద్దిగా వంగి ఉంది అన్నవీ ముఖ్యమే. ఇప్పటి సెమీ ఆటోమేటిక్‌లలో చాలావాటి డబ్బాలో చిన్న చిన్న ప్లాస్టిక్ పలకలు వస్తాయి. స్టాక్ మొదట్లో వాటిని మార్చి ఈ ఎత్తూ వంపూ సరిచేసుకోవచ్చు. దర్జీ చేతిలో మార్కింగ్ సుద్ద ఎంత అవసరమో ఈ పలకలూ అంతే. చాలామంది డబ్బాతో పాటు వాటినీ అటక మీద పడేస్తారు.

దుకాణంలోనే చేసుకోదగిన పరీక్ష ఒకటుంది. తుపాకీ ఖాళీగా ఉందని మీ కంటితో, వేలితో చూసుకోండి. అమ్మేవాడి అనుమతితో ఎవరూ లేని వైపు, గోడ మీద ఒక చుక్కను ఎంచుకోండి. కళ్ళు మూసుకుని తుపాకీ భుజానికెత్తి, చెంప హాయిగా ఆనించి, అప్పుడు కళ్ళు తెరవండి. గొట్టం మీది పట్టీ పలచగా, దాని చివర పూస ఆ చుక్క దగ్గర కనిపిస్తే తుపాకీ మీకు దాదాపు అమరినట్టే. పట్టీ అంతా ఏటవాలు రోడ్డులా కనిపిస్తే కన్ను ఎక్కువ ఎత్తులో ఉంది, గుండ్లు పైకి పోతాయి. పట్టీ అసలు కనపడక తుపాకీ వెనక భాగమే అడ్డొస్తే కన్ను దిగువన ఉంది. వేటకు వేసుకునే కోటు వెంట తీసుకెళ్ళి, అది తొడుక్కునే ఇది చేయండి. అలాగే మీ రెండు కళ్ళలో ఏది పెత్తనం చేస్తుందో కూడా తెలుసుకోవాలి. రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, దూరంగా ఉన్న వస్తువును అందులోంచి చూస్తూ ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వస్తువు సందులోనే ఉంటుందో అదే పెద్ద కన్ను. కుడిచేతి వాటం వాళ్ళకు ఎడమ కన్ను పెద్దదైతే చిక్కే. ఎడమ భుజం మీంచి కాల్చడం మొదట్నుంచే నేర్చుకోవడం ఒక దారి. ఎడమచేతి వాటం వాళ్ళ కోసం ఖాళీ తూటాను ఎడమ వైపు విసిరే తుపాకులు విడిగా ఉన్నాయి.

ఇక గొట్టం లావు. 12 గేజ్, 20 గేజ్ అంటారు. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడటం కొత్తవాళ్ళకు వింతగా ఉంటుంది. లెక్క పాతకాలం నాటిది. ఒక పౌను సీసాన్ని 12 సమాన భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని గుండ్రని గోళీగా పోస్తే ఆ గోళీ పట్టేంత లావు గొట్టం 12 గేజ్. 20 భాగాలు చేస్తే గోళీ చిన్నదవుతుంది, గొట్టమూ సన్నబడుతుంది. 12 గేజ్ గొట్టం లోపలి అడ్డుకొలత సుమారు 18.5 మిల్లీమీటర్లు, 20 గేజ్‌ది 15.6. బాతుల వేటకు 12 గేజే ఎక్కువ వాడుక. ఎక్కువ గుండ్లు పడతాయి, ఏ ఊరి దుకాణంలోనైనా తూటాలు దొరుకుతాయి. గువ్వల వేటకూ, రోజంతా నడిచి వేటాడే కౌజు పిట్టలకూ 20 గేజ్ చాలు. తుపాకీ సుమారు 2.7 కిలోలకు దిగుతుంది, భుజం మీద తన్నూ తక్కువ. మా ఇంట్లో రెండోది 20 గేజే, మా ఆవిడది. మంచి తూటాతో, దగ్గరికి వచ్చిన బాతు మీద అది వెలితిగా అనిపించలేదు.

ఇప్పుడు లోపలి యంత్రం సంగతి. నడిచే సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్‌ను ప్రపంచానికి ఇచ్చినవాడు జాన్ మోజెస్ బ్రౌనింగ్. యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌లో తుపాకులు చేసే ఇంట పుట్టాడు. ఆయన చేసిన నమూనాల హక్కుల్ని ఏళ్ళ తరబడి వించెస్టర్ కంపెనీ ఒకేసారి డబ్బిచ్చి కొనుక్కుంటూ వచ్చింది. 1900లో పేటెంటు వచ్చిన ఈ షాట్‌గన్‌కు మాత్రం ఆయన, అమ్మిన ప్రతి తుపాకీ మీదా రాయల్టీ కావాలన్నాడు. వించెస్టర్ ఒప్పుకోలేదు. 1902 జనవరిలో రెమింగ్టన్ కంపెనీ అధ్యక్షుడిని కలవడానికి వెళ్ళాడు. ఈయన బయట కూర్చుని ఉండగానే ఆ అధ్యక్షుడు గుండెపోటుతో చనిపోయాడు. బ్రౌనింగ్ నమూనా పట్టుకుని ఓడెక్కి బెల్జియం వెళ్ళాడు. హెర్స్టాల్‌లోని ఎఫ్‌ఎన్ కంపెనీ తయారుచేయడానికి ఒప్పుకుంది. అదే ఆటో-5. గొట్టంలో ఒకటి, కింద తూటాలు నిలవుండే మ్యాగజైన్‌లో నాలుగు, మొత్తం అయిదు తూటాలు పడతాయి కాబట్టి ఆ పేరు. వెనక మూపురంలా లేచి ఉండే ఆ తుపాకీ 1998 దాకా తయారైంది.

ఆటో-5లో తూటా పేలగానే గొట్టమూ, వెనక తలుపులా మూసి ఉండే బోల్టూ రెండూ కలిసి వెనక్కి జరుగుతాయి. గొట్టం ముందు తిరిగొస్తుంది, బోల్ట్ తర్వాత వస్తూ కొత్త తూటాను తెస్తుంది. గట్టి యంత్రమే, కాని అంత లోహం ముందుకూ వెనక్కూ ఊగుతుంటే భుజానికి రెండు దెబ్బలు తగిలినట్టుంటుంది. బ్రౌనింగ్ పేటెంట్లను తప్పించుకుని పోటీ తుపాకీ చేయబోయిన వించెస్టర్, తన 1911 మోడల్‌కు బోల్ట్ లాగే పిడిని పెట్టలేకపోయింది. గొట్టాన్నే పట్టుకుని వెనక్కి నెట్టాలి. తడికి ఉబ్బిన కాగితపు తూటా ఇరుక్కుంటే కొందరు మడమను నేలకానించి, గొట్టం మొహం వైపు ఉండగా నెట్టి ప్రాణాలు పోగొట్టుకున్నారు. విధవల్ని చేసే తుపాకీ అన్న పేరు దానికి అలా అంటుకుంది.

ఇప్పుడు దుకాణంలో మీకు ఎదురయ్యేవి వేరే రెండు పద్ధతులు: గ్యాస్, ఇనర్షియా.

గ్యాస్ పద్ధతిని జనంలోకి తెచ్చినది రెమింగ్టన్ 1100 మోడల్, 1963లో. తూటా పేలినప్పుడు గొట్టంలో పుట్టే వేడి వాయువులో కొంత, గొట్టానికి ఉన్న చిన్న రంధ్రాల గుండా బయటికి వచ్చి ఒక పిస్టన్‌ను నెడుతుంది. పిస్టన్ బోల్ట్‌ను వెనక్కి తోస్తుంది. బరువైన తూటా ఎక్కువ వాయువు ఇస్తుంది, తేలికది తక్కువ ఇస్తుంది. రెండింటితోనూ నడవాలి కదా. అందుకని ఇప్పటివాటిలో అదనపు వాయువును బయటికి వదిలే కవాటం ఉంటుంది, ప్రెషర్ కుక్కర్ మీది వెయిట్ లేచినట్టు. రెమింగ్టన్ వెర్సా మ్యాక్స్‌లో ఇంకో ఉపాయం ఉంది. రంధ్రాలు తూటా కూర్చునే చోటే ఉంటాయి. పొడవాటి తూటా వాటిలో కొన్నింటిని తనే మూసేస్తుంది.

గ్యాస్ తుపాకీ భుజానికి మెత్తగా ఉంటుంది. వెనక్కి తన్నే మొత్తం శక్తి ఎటూ పోదు, కాని యంత్రం దాన్ని కాస్త ఎక్కువ వ్యవధిలో పరిచి ఇస్తుంది. గుద్దుకీ నెట్టుకీ ఉన్న తేడా అది. తేలిక తూటాలతో సాధన చేసేటప్పుడు ఇది వరం. వెల ఏమిటంటే మసి. ఆ వాయువుతో పాటు వచ్చే మసి పిస్టన్ చుట్టూ పేరుకుంటుంది. తుడవకుండా వదిలేస్తే ఒక చలి పొద్దున బోల్ట్ సగంలో ఆగిపోతుంది.

ఇనర్షియా అంటే బడిలో చదువుకున్న జడత్వమే. దాన్ని షాట్‌గన్‌లోకి తెచ్చినవాడు ఇటలీకి చెందిన బ్రూనో చివొలాని. 1967లో ఉర్బినోలో మొదలైన బెనెల్లి తుపాకుల కంపెనీ ఆ పద్ధతి మీదే నిలబడింది. ఆర్టీసీ బస్సు ఒక్క కుదుపుతో ముందుకు కదిలితే నిలబడ్డవాడు వెనక్కి తూలతాడు కదా. బస్సు కదిలింది, అతని ఒళ్ళు ఉన్నచోటే ఉండిపోవాలనుకుంది. ఈ తుపాకీలో బోల్ట్ రెండు భాగాలు: ముందు గొట్టానికి తాళంలా బిగిసే తల, వెనక బరువైన ఒళ్ళు. రెండింటి మధ్య కురచగా, గట్టిగా ఉండే స్ప్రింగ్. తూటా పేలగానే తుపాకీ మొత్తం వెనక్కి, మీ భుజం మీదికి వస్తుంది. బోల్ట్ ఒళ్ళు మాత్రం బస్సులో మనిషిలా ఉన్నచోటే ఉండిపోబోతుంది. మధ్యలో స్ప్రింగ్ నలుగుతుంది. నలిగిన స్ప్రింగ్ విచ్చుకుంటూ బోల్ట్‌ను వెనక్కి విసురుతుంది, తల తిరిగి తాళం ఊడుతుంది, ఖాళీ తూటా ఎగిరి పడుతుంది. గొట్టానికి రంధ్రాలు లేవు, పిస్టన్ లేదు. మసి గొట్టంలోంచే బయటికి పోతుంది.

అందుకే ఇది బురదకూ వానకూ తట్టుకుంటుంది, ముందు భాగం సన్నగా, తేలికగా ఉంటుంది. కాని ఇది పనిచేయాలంటే తుపాకీ వెనక్కి కదలాలి. మడమను చెట్టుకో పడవ అంచుకో ఆనించి కాల్చినా, తుపాకీకి బరువైన తగిలింపులు పెట్టినా, మరీ తేలిక తూటా వేసినా రెండో తూటా ఎక్కకపోవచ్చు. తన్ను కూడా గ్యాస్ తుపాకీ కంటే పదునుగా తెలుస్తుంది. ఇంకొకటి, చీకట్లో బాతులకు చప్పుడు వినపడకుండా బోల్ట్‌ను చేత్తో పట్టుకుని మెల్లగా మూసేవాళ్ళున్నారు. తల పూర్తిగా తిరిగి బిగియకపోతే, తీరా బాతు తల మీదికి వచ్చాక ట్రిగ్గర్ నొక్కినప్పుడు టిక్కుమని ఊరుకుంటుంది. బోల్ట్‌ను దాని స్ప్రింగ్ బలానికే వదిలేయాలి.

నన్నడిగితే మొదటి తుపాకీకి గ్యాస్‌దే మేలంటాను. కొత్తవాళ్ళు సాధన చేయాలి, సాధన చేయాలంటే భుజం నొప్పి పుట్టకూడదు. తన్నుకు బెదిరి ట్రిగ్గర్ దగ్గర కళ్ళు మూసుకునే అలవాటు ఒకసారి పడితే వదిలించుకోవడానికి ఏళ్ళు పడుతుంది. ఉప్పు గాలిలో, బురదలో సీజనంతా గడిపేవాళ్ళూ, రోజంతా నడిచేవాళ్ళూ ఇనర్షియా వైపు వెళ్ళడంలో న్యాయముంది.

తూటా పొడవు దగ్గర చాలామంది అనవసరంగా డబ్బు పోస్తారు. 12 గేజ్ తూటాలు 2¾, 3, 3½ అంగుళాల్లో వస్తాయి. ఈ 3½ ఎందుకు పుట్టిందో తెలిస్తే అవసరమో కాదో తేలుతుంది. బాతులు అరుగుదల కోసం చిన్న రాళ్ళు మింగుతాయి. చిత్తడి నేలల అడుగున పడి ఉన్న సీసపు గుండ్లను రాళ్ళనుకుని మింగి విషమెక్కి చచ్చిపోయేవి. అందుకని అమెరికా నీటి పక్షుల వేటలో సీసాన్ని దశలవారీగా నిషేధించి, 1991 సీజనుకు దేశమంతటా అమలు చేసింది. సీసం బదులు ఉక్కు గుండ్లు వచ్చాయి. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 7.8 గ్రాములు, సీసానిది 11.3. తేలిక గుండు త్వరగా వేగం కోల్పోతుంది. కాబట్టి సీసంలో వాడే దానికంటే రెండు సైజులు పెద్ద గుండు వాడాలి. పెద్ద గుండ్లు ఎక్కువ చోటు తింటాయి. ఆ చోటు కోసమే పొడవు పెంచారు. 1991లోనే బెనెల్లి సూపర్ బ్లాక్ ఈగిల్ 3½ అంగుళాల తూటా పేల్చే మొదటి సెమీ ఆటోమేటిక్‌గా వచ్చింది. ఆ తర్వాత ఉక్కు తూటాలు మెరుగుపడ్డాయి, బిస్మత్, టంగ్‌స్టన్ గుండ్లూ వచ్చాయి. చెట్ల మధ్య పాతిక గజాల్లో దిగే మల్లార్డ్‌కు 3 అంగుళాల తూటా నిండుగా సరిపోతుంది. పెద్దబాతుల కోసమే తిరిగేవాళ్ళకు తప్ప 3½ తన్నును నేను ఎవరికీ సిఫారసు చేయను.

కొత్తవాళ్ళు పొరబడే చోటు ఒకటి ఉంది. 2¾ అంగుళాల తూటాకు చేసిన పాత తుపాకీలో 3 అంగుళాల తూటా పట్టేసినట్టే కనిపించవచ్చు. తూటా మూతి మడిచి ఉంటుంది కాబట్టి అలా పడుతుంది. పేలినప్పుడు ఆ మడత విచ్చుకోవడానికి చోటుండదు, లోపలి ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. గొట్టం పక్కన చెక్కి ఉన్న కొలతనే నమ్మాలి.

గొట్టం మూతి దగ్గర కాస్త ఇరుకు ఉంటుంది, దాన్ని చోక్ అంటారు. గుండ్లు విసురువలలా విచ్చుకుంటూ పోతాయి. ఎక్కువ ఇరుకైతే వల ఆలస్యంగా విచ్చుకుంటుంది. దూరం మరీ పెరిగితే వల కళ్ళు పెద్దవై పిట్ట గాయంతో తప్పించుకుపోతుంది, అది ఏ వేటగాడికీ మంచిది కాదు. ఇప్పటి తుపాకులకు మర బిగించి మార్చుకునే చోకులు వస్తాయి. ఉక్కు గుండ్లు సీసంలా నలగవు కాబట్టి వాటి వల సహజంగానే బిగువుగా ఉంటుంది. బాతులకు తక్కువ ఇరుకుండే ఇంప్రూవ్డ్ సిలిండర్, మధ్యరకం మాడిఫైడ్ చోకులతో పని జరిగిపోతుంది. బాగా ఇరుకైన ఫుల్ చోక్‌తో ఉక్కు వద్దు. పాత బెల్జియం ఆటో-5 గొట్టాల్లో ఉక్కు తూటాలు కాల్చవద్దని బ్రౌనింగ్ కంపెనీయే చెబుతుంది. తాతల నాటి తుపాకీ ముచ్చటపడి కొనేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

చట్టం విషయంలో మనవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవాళ్ళకు మినహాయింపు ఉంది. ఆ లైసెన్సుకు గడువు తేదీ ఉంటుంది. టెక్సస్‌లో మామూలు లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది. తుపాకీ బీరువాలో ఉండిపోయి లైసెన్సు గడువు దాటితే, అది మీ వీసా మీదికి, కుటుంబం మీదికి వచ్చే నేరం. కొనే ముందు వలస చట్టం తెలిసిన లాయరుతో ఒక అరగంట మాట్లాడండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు ఈ నిషేధం వర్తించదు. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేట శిక్షణ పూర్తి చేయాలి. శిక్షణ అయ్యాకే తుపాకీ వెతకడం మొదలుపెట్టండి. అక్కడ రకరకాల తుపాకులు పట్టుకుని చూసే వీలు దొరుకుతుంది.

బాతులకైనా గువ్వలకైనా, వలస పక్షుల వేటలో తుపాకీలో మొత్తం మూడు తూటాలకు మించి పట్టకూడదు. మ్యాగజైన్‌లో ఎక్కువ పట్టకుండా ఒక చిన్న పుల్ల అడ్డుపెడతారు. కొత్త తుపాకీతో అది వస్తుంది, పాతది కొంటే ఉందో లేదో విప్పి చూసుకోవాలి. 16 ఏళ్ళు నిండిన ప్రతి బాతు వేటగాడూ 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంపు కొనాలి. 1934లో మొదలైన ఈ స్టాంపు డబ్బులో డాలరుకు 98 సెంట్లు చిత్తడి నేలలు కొనడానికీ కాపాడడానికీ పోతాయి. వేటాడనివాళ్ళు కూడా కొనొచ్చు. నేను ఏటా రెండు కొంటాను.

ధర సంగతి త్వరగా చెబుతాను. టర్కీలో తయారై వచ్చేవి చవక. బెరెట్టా ఎ300 లాంటివి మధ్యరకం, బెనెల్లి పైరకాలు రెండు వేల డాలర్ల దరిదాపు. మధ్యరకం కొని, మిగిలిన డబ్బును తూటాలకూ, గాలిలోకి విసిరే మట్టి పలకల మీద సాధనకూ పెట్టమంటాను. పాత రెమింగ్టన్ 1100 మంచి బేరమే. దాని మ్యాగజైన్ గొట్టం మీద ఉండే రబ్బరు రింగు ఎండి పగిలి ఉంటే మాత్రం మార్చాలి. అది రెండు మూడు డాలర్ల పని. ఆ రింగు లేకనే తూటాలు ఎక్కక, తుపాకీ పాడైందనుకుని అమ్మేసేవాళ్ళున్నారు.

ఒక తుపాకీ మాత్రమే ఉన్న ఇంట్లోకి రెండోది వస్తే ఒక జాగ్రత్త తప్పనిసరి. 20 గేజ్ తూటా పొరపాటున 12 గేజ్ గొట్టంలోకి జారితే, కొంత దూరం పోయి అక్కడ ఇరుక్కుంటుంది. గొట్టం ఖాళీగా ఉందనుకుని వెనక 12 గేజ్ తూటా వేసి కాలిస్తే గొట్టం చేతిలో బద్దలవుతుంది. 20 గేజ్ తూటాలకు పసుపు రంగు వేయడం ఇందుకే. మేం రెండింటి తూటాలనూ ఒకే సంచిలో ఎప్పుడూ పెట్టం, ఒకరి కోటు ఒకరం వేసుకోం. సెమీ ఆటోమేటిక్‌కు సొంతమైన ప్రమాదం ఇంకొకటి. మధ్యలో విరిచి తెరిచే రెండు గొట్టాల తుపాకీ ఖాళీగా ఉందో లేదో పక్కవాడికి కూడా కనిపిస్తుంది. ఇది అలా కాదు. మీరు ఒకసారి కాల్చి బాతు పడిందన్న సంబరంలో పక్కకు తిరిగేసరికి, మీకు తెలియకుండానే మరో తూటా గొట్టంలో సిద్ధంగా ఉంటుంది. చెయ్యి ఏ పనిలో ఉన్నా ముందు సేఫ్టీ, తర్వాతే సంబరం. పడవ ఎక్కేటప్పుడూ, కుక్క బాతును తెచ్చి ఒళ్ళో పడేసేటప్పుడూ బోల్ట్ తెరిచి ఉండాలి.

తుపాకీ ఇంటికి తెచ్చాక, సీజనుకు ముందు ఒక ఉదయం కాల్పుల మైదానంలో గడపండి. నాలుగడుగుల వెడల్పున్న కాగితం 40 గజాల దూరంలో నిలబెట్టి, మధ్యలో చుక్క పెట్టి, వేటకు వాడబోయే తూటాతోనే, వేటలో ఎత్తినట్టే ఎత్తి కాల్చండి. గుండ్లు దట్టంగా పడిన చోట 30 అంగుళాల గుండ్రం గీసి లెక్కపెట్టండి. 2వ నంబరు సైజు ఉక్కు గుండ్లు ఔన్సుకు సుమారు 125. ఒకటింబావు ఔన్సు తూటాలో 156 దాకా ఉంటాయి. అందులో 60 శాతం, అంటే 90 పైచిలుకు ఆ గుండ్రంలో ఉంటే మాడిఫైడ్ చోక్ తన పని తను చేస్తున్నట్టే. తక్కువ పడితే ఒక మెట్టు బిగువైన చోక్, లేదా వేరే కంపెనీ తూటా. ఒక్కో గొట్టానికి ఒక్కో తూటా కుదురుతుంది. కనీసం మూడు కాగితాలైనా చూడకుండా తేల్చుకోవద్దు. మూడింటిలోనూ గుండ్ల మధ్యభాగం చుక్కకు ఒకే వైపు జరిగి పడుతుంటే తప్పు చోక్‌ది కాదు, తూటాదీ కాదు. ఇంటికెళ్ళి డబ్బా తెరిచి, ఆ ప్లాస్టిక్ పలకల్లో ఒకటి మార్చి, మర్నాడు మళ్ళీ కాగితం ముందు నిలబడండి.